ఒక్క ఎకరం దగ్గర మొదలుపెట్టు

నల్లగొండ
ఆదివారం

అమ్మాయీ, ఆశీస్సులు.

ఇంటర్ పిల్లల కోసం నువ్వు రాసిన ‘రాజకీయ భావజాలాలు’ అధ్యాయం అందింది. రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది, తప్పులు లేవు. ఇంతకు మించి మెచ్చుకోలు ఈ ఉత్తరంలో వెతకకు. పదకొండో పేజీ దగ్గర నాకు కోపం వచ్చింది.

ఆ పేజీలో ఉదారవాదానికి లక్షణాలు ఎనిమిది, ప్రయోజనాలు ఆరు, లోపాలు ఆరు. తిప్పితే సామ్యవాదానికీ ఎనిమిది, ఆరు, ఆరు. గాంధీవాదానికీ అంతే. లోకాన్ని తలకిందులు చేసిన ఆలోచనలన్నీ ఒకే కొలతతో ఎలా పుట్టాయమ్మా?

అదే పేజీ అడుగున నువ్వు రాసి కొట్టేసిన నాలుగు వరుసలున్నాయి. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చదివాను. మీ తాత తన 38-ఇ కాగితాన్ని, అంటే కౌలుదారుకు భూమి మీద హక్కు ఇచ్చే పత్రాన్ని, కండువా ముక్కలో చుట్టి రేకు పెట్టె అడుగున దాచేవాడని, వాన కురిసిన ప్రతిసారీ తీసి తడిసిందేమోనని చూసుకునేవాడని రాశావు. పక్కనే ‘సిలబస్‌కు సంబంధం లేదు’ అని నీకు నువ్వే తీర్పు చెప్పుకున్నావు. మొత్తం అధ్యాయంలో ఉదారవాదం ఊపిరితో కనిపించింది ఆ నాలుగు వరుసల్లోనే. వాటినే కొట్టేశావు.

నీకు ఆ తీర్పు ఎవరు నేర్పారో నాకు తెలుసు, నాకు నేర్పినవాళ్ళే. నా మొదటి గైడు రాసినప్పుడు భూదానం మొదలైన పోచంపల్లి గురించి రెండు పేజీలు రాశాను. ప్రచురణకర్త దగ్గర ఒక సంపాదకుడు ఉండేవాడు. ఆ రెండు పేజీల మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీసి ‘పరీక్షలో రాదు’ అన్నాడు. చెల్లెలి పెళ్ళి అప్పు నెత్తిన ఉంది. తల ఊపి డబ్బు తీసుకున్నాను. గైడు చాలా ఏళ్ళు అమ్ముడుపోయింది. ఆ రెండు పేజీలు లేని పుస్తకాన్ని నేను ఇంట్లో పెట్టుకోలేదు. ఇప్పుడు ఆ ఎర్రగీత స్థానంలో రంగురంగుల డబ్బాలు, బాణం గుర్తులు, ‘తప్పక వచ్చే ప్రశ్న’ అన్న నక్షత్రాలు వచ్చాయి. నీ అధ్యాయంలో పద్నాలుగు నక్షత్రాలున్నాయి. అన్నీ తీసెయ్యి.

నేను నలభై ఏళ్ళుగా నమ్ముతున్నది ఒక్కటే. ఏ వాదమైనా ఒక తగాదాకు జవాబుగా పుడుతుంది. తగాదా చెప్పకుండా జవాబు చెబితే పిల్లలకు మిగిలేది కంఠస్థమే. మన జిల్లాలో ఆ తగాదా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఒక్క ఎకరం భూమి తీసుకో.

దున్నేవాడిదే భూమి అన్నారు కమ్యూనిస్టులు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకికి బలయ్యాడు. వెట్టికీ భూమికీ సాగిన ఆ పోరాటం సాయుధమై 1951 దాకా నడిచింది. ఆ ఎకరాన్నే ప్రభుత్వం మరోలా చూసింది. 1950లో హైదరాబాద్ రాష్ట్రం కౌలుదారీ చట్టం తెచ్చి, కౌలుదారుకు రక్షణ ఇచ్చింది. మీ తాత పెట్టెలోని కాగితం ఆ చట్టం పేరిట వచ్చిందే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు గాంధీ శిష్యుడు వినోబా భావేను ఎనభై ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నాడు. అది గాంధీ మార్గం. ఇక దొర పక్షం ఉంది. ఆస్తి నా హక్కు అంటాడు. 1978లో 44వ సవరణ తీసేసేదాకా రాజ్యాంగంలో అది ప్రాథమిక హక్కే. మరి ఆస్తి హక్కుకు పెద్ద దిక్కైన ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ ఏమన్నాడు? మనిషి తన శ్రమ కలిపితేనే అది తనదవుతుందన్నాడు. ఆ మాట దొర కంటే కౌలుదారుకే ఎక్కువ పనికొస్తుంది. ఈ చిక్కు చెప్పి చూడు, వెనక బెంచీ కూడా తల ఎత్తుతుంది.

1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి మన నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచాడు. తుపాకి పట్టిన ఉద్యమం ఓటు పెట్టె దగ్గరికి ఎందుకు వచ్చిందన్నది పది మార్కుల ప్రశ్న కాకపోవచ్చు. కానీ అది అర్థమైన పిల్ల ‘విప్లవం, పరిణామం మధ్య భేదాలు’ అన్న ప్రశ్నకు గైడు తెరవకుండా రాస్తుంది.

దేవరకొండలో పనిచేసే రోజుల్లో ఈ ఎకరం మీద తరగతిలో వాదన పెట్టాను. నలుగురికి నాలుగు పక్షాలు ఇచ్చాను. దొర పక్షం ఎవరూ తీసుకోలేదు. చివరికి ఒక పాలేరు కొడుకు లేచాడు. అందరికంటే బాగా వాదించాడు. ఎలా వచ్చిందిరా అంటే, ‘మా నాయన రోజూ వినే మాటలే సార్’ అన్నాడు. తరగతి చాలాసేపు మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ పిలిచి సిలబస్ వెనకబడిందని మందలించాడు. ఆ తరగతి పిల్లలు పరీక్షలో ఎవరికీ తీసిపోలేదు.

ఇది నీ రాతకూ వర్తిస్తుంది. ఒక వాదం గురించి రాస్తే, దాన్ని నమ్మినవాడు చదివి ‘అవును, నేననేది ఇదే’ అనాలి. సామ్యవాదం లోపాలను కసిగా రాశావు, గాంధీవాదాన్ని ముద్దు చేశావు. నీ పక్షం పిల్లలకు అప్పుడే తెలిసిపోతుంది.

మాటల సంగతి కూడా. ‘ఉదారవాదం’ అని రాసి వదిలేశావు. స్పాట్‌లో పేపర్లు దిద్దుతుంటే ‘ఉదారవాదులు పేదలకు దానధర్మాలు చేస్తారు’ అన్న జవాబు ఎన్నిసార్లు చూశానో! తప్పు పిల్లలది కాదు, ఉదారుడంటే ఇంట్లో వాళ్ళకు తెలిసిన అర్థం అదే. అక్కడ స్వేచ్ఛ గురించిన మాట ఉందని మొదటి వాక్యంలోనే చెప్పాలి. ‘అరాజకవాదం’ మరీ కష్టం. వార్తాపత్రికల్లో రౌడీలు చేసేదంతా అరాజకమే. తానూ ఒక రకం అరాజకవాదినేనని గాంధీ 1916లో కాశీలో అన్నాడని చెప్పు. రాజ్యం పెత్తనం లేని సమాజాన్ని కోరడం వేరు, బజారులో దుకాణం పగలగొట్టడం వేరు అని పిల్లలకు వెంటనే బోధపడుతుంది.

శీర్షిక గురించి, ప్రచురణకర్తల గురించి అడిగావు. వాటికి ఇప్పుడు తొందర లేదు.

పదకొండో పేజీ మళ్ళీ రాసి దసరా సెలవుల్లోగా పంపు. ఆ నాలుగు వరుసలతో మొదలుపెట్టు. ఆ కాగితం ఇంకా మీ ఇంట్లో ఉంటే, విప్పి, దాని మీద ఏ సంవత్సరం వేసి ఉందో చూసి రాయి.