స్కాన్ల మీద ఇష్టమా, రోగుల మీద ఇష్టమా?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి. మెదడు స్కాన్లతో మానసిక వ్యాధులపై పరిశోధన చేసే సైకియాట్రిస్టు అవుతానని పట్టుపట్టింది. దీనికి మెడిసిన్ తప్పనిసరా? న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తే చాలదా? డాక్టరై కూడా ప్రాక్టీసు పెట్టకుండా పరిశోధన అంటుంటే మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: పరిశోధన వరకే అయితే మెడిసిన్ అక్కర్లేదు. ఈ రంగంలో ఫిజిక్స్, ఇంజినీరింగ్, సైకాలజీ, స్టాటిస్టిక్స్ చదివి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ సైకియాట్రిస్టుగా రోగులకు మందులు రాస్తూ పరిశోధన చేయాలంటే మెడిసిన్, ఆపైన సైకియాట్రీ శిక్షణ ఉండాల్సిందే. చాలామంది వాటికి పీహెచ్‌డీ కూడా కలుపుకుంటారు. దేశాన్ని బట్టి కాలం మారినా, సొంతంగా ఒక పరిశోధన బృందాన్ని నడిపే స్థాయికి వచ్చేసరికి ముప్పై అయిదు దాటడం మామూలే.

దారి సంగతి అలా ఉంచి, అమ్మాయి ఏమనుకుని ఇష్టపడుతోందో ముందు కనుక్కోండి. స్కాన్ తీయగానే డిప్రెషన్ ఎక్కడుందో తెరమీద కనబడుతుందని అనుకుంటోందేమో. అలా జరగదు. సైకియాట్రీలో వ్యాధి నిర్ధారణ ఇవాళ్టికీ ప్రధానంగా రోగితో మాట్లాడే చేస్తారు. మామూలు చికిత్సలో స్కాన్ తీయించేది ఎక్కువగా కణితి వంటి వేరే కారణం ఏమైనా ఉందేమో చూడటానికే.

1976లో సైకియాట్రిస్టు ఈవ్ జాన్‌స్టోన్ బృందం లండన్‌లో 17 మంది స్కిజోఫ్రెనియా రోగులకు సీటీ స్కాన్ తీసి, వాళ్ల మెదడులోని ద్రవపు గదులు ఆ వ్యాధి లేనివాళ్ల కన్నా సగటున పెద్దవిగా ఉన్నాయని చూపింది. అప్పట్లో అది పెద్ద విషయం. ఇక్కడ గమనించాల్సింది ‘సగటున’ అన్న మాటని. గుంపుల మధ్య తేడా ఉన్నంత మాత్రాన, ఎదురుగా కూర్చున్న ఒక మనిషి స్కాన్ చూసి వ్యాధి చెప్పలేం. పైగా ఆ తేడాలు చిన్నవి. మెదడు స్కాన్లనూ మనుషుల ప్రవర్తననూ కలిపి నమ్మదగిన ఫలితం రాబట్టాలంటే చాలాసార్లు వేల మంది కావాలని 2022లో ‘నేచర్’ సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ తేల్చింది. అందుకే ఇప్పుడు ఎనిగ్మా వంటి కూటముల్లో పలు దేశాల బృందాలు కలిసి పనిచేస్తున్నాయి. ఒంటరి మేధావికి ఇక్కడ పెద్దగా పని లేదు.

లెక్కల దగ్గర అజాగ్రత్తగా ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఒక తమాషా ఉదాహరణ ఉంది. 2009లో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను ఎఫ్‌ఎంఆర్‌ఐలో (మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే స్కాన్‌లో) పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించారు. స్టాటిస్టిక్స్‌లో చేయాల్సిన దిద్దుబాటు చేయకుండా చూస్తే చేప మెదడు ‘స్పందించింది’! ఈ కథ మీ అమ్మాయికి చెప్పండి. అలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలని ఆమె వెంటపడితే, నా లెక్కలో అది మార్కుల కన్నా మంచి సూచన.

రోజువారీ పని కూడా తెలియాలి. స్కానర్ గదిలోకి వెళ్లే ముందు తాళంచెవులు, హెయిర్‌పిన్ను, వినికిడి యంత్రం అన్నీ తీయించాలి. చెవుల్లో ప్లగ్గులు, చేతిలో భయమేస్తే నొక్కి పిలవడానికి ఒక రబ్బరు బల్బు. తనను ఎవరో గమనిస్తున్నారని అనుమానపడే మనిషిని, దడదడమని మోగే ఆ గొట్టంలో కదలకుండా పడుకోమని ఒప్పించాలి. తల ఒకటి రెండు మిల్లీమీటర్లు కదిలినా డేటా పాడైపోవచ్చు. రోగులు ఎక్కువగా కదిలితే ఆ కదలికే వ్యాధి లక్షణంలా కనబడి మోసం చేస్తుంది. రోగి బల్బు నొక్కితే అక్కడితో ఆపేయాల్సిందే, మళ్లీ అడగాలో వద్దో కూడా ఆలోచించాలి. సైకియాట్రీ శిక్షణ విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి కంప్యూటర్ ముందే.

ఆదాయం సంగతి: పూర్తికాలం ప్రాక్టీసుతో పోలిస్తే సాధారణంగా తక్కువే. గ్రాంట్ల (పరిశోధన నిధుల) కోసం దరఖాస్తులు రాస్తూనే ఉండాలి, చాలావరకు తిరస్కరిస్తారు. అయితే వారంలో కొన్ని రోజులు రోగులను చూస్తూ మిగతా రోజులు పరిశోధన చేసేవాళ్లూ ఉన్నారు. డిగ్రీ చేతిలో ఉంటుంది కాబట్టి పూర్తిగా ప్రాక్టీసుకు మళ్లే వీలూ ఉంటుంది. మీ టెన్షన్ కొంత తగ్గేది ఇక్కడే.

ఇప్పటికిప్పుడు కోచింగులేవీ వద్దు. స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంచెం కొంచెం మొదలుపెట్టమనండి. ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్‌లో అసలైన స్కాన్ డేటా ఉచితంగా దొరుకుతుంది. ఒక్కటి దించుకుని తెరిచి చూడమనండి. నాలుగు వారాలకే విసుగొస్తే, స్కాన్లు పక్కన పెట్టి మంచి సైకియాట్రిస్టు కావచ్చు. మెడిసిన్ సీటు రాకపోయినా ఆ డేటా వదలబుద్ధి కాకపోతే, మీరన్న న్యూరోసైన్స్ దారే ఆమెకు సరిపోతుంది.