చార ఎప్పుడు రాకూడదో ముందు తేల్చుకో

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

ఫ్లైట్‌గేర్ అనే విమానాల సిమ్యులేటర్ కోసం నువ్వు తయారుచేసిన తేజస్ యుద్ధవిమానం మోడల్‌ని నడిపి చూశాను. కాక్‌పిట్, చక్రాలు లోపలికి ముడుచుకునే తీరు చాలా బాగా కుదిరాయి. రెక్కల కొసల నుంచి వచ్చే తెల్ల చారల దగ్గరే ఇంకా పని ఉంది. రన్‌వే వదిలిన దగ్గర్నుంచి మళ్లీ దిగేదాకా అవి ఆగకుండా వస్తున్నాయి. నిజం విమానానికి అవి కొన్ని క్షణాలే వస్తాయి, చాలాసార్లు అసలు రావు. కాబట్టి చార ఎంత అందంగా ఉండాలన్నది తర్వాత చూడొచ్చు, ఎప్పుడు రాకూడదన్నది ముందు తేల్చుకో.

అసలు జరిగేదేమిటంటే, రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ. కొస దగ్గర కింది గాలి పక్కనుంచి పైకి మళ్లి సుడి తిరుగుతుంది. ఆ సుడి నడిమధ్య పీడనం పడిపోయి, గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. 27 డిగ్రీల గాలిలో పీడనం పదో వంతు తగ్గితే ఉష్ణోగ్రత దాదాపు 9 డిగ్రీలు దిగుతుంది. అలా చల్లబడి డ్యూ పాయింట్ కంటే, అంటే తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత కంటే, కిందికి దిగితే గాలిలోని తేమ సన్నటి నీటి బిందువులై తెల్లగా కనిపిస్తుంది. అంటే చార రావాలంటే రెండూ కలవాలి: బలమైన సుడి, తేమగా ఉన్న గాలి. ఇంజిన్‌కు ఇందులో పాత్ర లేదు. బాగా ఎత్తున, మైనస్ 40 డిగ్రీల చలిలో ఇంజిన్ వెనక ఏర్పడే పొడవాటి తెల్ల గీత, అంటే కాంట్రెయిల్, పూర్తిగా వేరే సంగతి. నువ్వు రెండింటికీ ఒకే ఎఫెక్ట్ వాడినట్టున్నావు, విడదీసెయ్.

ఇక షరతు. చాలామంది 'జి 3 దాటితే చార' అని రాసి వదిలేస్తారు. జి అంటే రెక్కలు మోసే భారం మామూలు బరువుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె. అది సగం నిజమే. సుడి బలానికి ఒక తేలిక లెక్క ఉంది: బరువును జితో గుణించు, దాన్ని గాలి సాంద్రత, వేగం, రెక్కల మొత్తం వెడల్పు మూడింటి లబ్ధంతో భాగించు. ఇలా లెక్కేస్తే వేగంగా తిన్నగా పోయే విమానం కంటే, నిండు బరువుతో నెమ్మదిగా దిగే విమానం సుడి బలమైనదని నీకే తెలుస్తుంది. జి ఒక్కటే చూస్తే ఈ తేడా అందదు. వానాకాలంలో ఎప్పుడైనా ప్రయాణం ఉంటే రెక్కకు కాస్త వెనక కిటికీ సీటు తీసుకో. దిగేటప్పుడు ఫ్లాప్ (రెక్క వెనక కిందికి దించే పలక) బయటి అంచు నుంచి సన్నటి చార మెలికలు తిరుగుతూ మెరిసి మాయమవడం కనిపించవచ్చు. కొస నుంచి కాకుండా ఫ్లాప్ అంచు నుంచి ఎందుకొచ్చిందో గమనించు. ఫ్లాప్ దించినప్పుడు లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి ఎత్తే బలం, రెక్క పొడవునా చూస్తే ఒక్కసారిగా తగ్గే చోటు అదే. తేజస్‌కు అలాంటి ఫ్లాపులు లేవు, వెనక ఎలివాన్లే (విమానాన్ని పైకీ కిందికీ, పక్కలకూ వంచే పలకలు) ఉంటాయి. కాబట్టి నీకు ఆ బాధ లేదు, కానీ రేపు ఎయిర్‌బస్ చేస్తే పనికొస్తుంది.

తేమ కోసం ఫ్లైట్‌గేర్‌లో పర్యావరణ ప్రాపర్టీల కింద ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ రెండూ ఉంటాయి. ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్‌ని తీసెయ్. తేడా రెండు మూడు డిగ్రీలుంటే కొద్దిపాటి సుడికే చార రావాలి, పదిహేను ఉంటే గట్టిగా స్టిక్ లాగినా వచ్చీరానట్టు ఉండాలి. ఈ తేడా పెరిగేకొద్దీ చారకు కావలసిన సుడి బలం కూడా పెరిగేలా రాయి. ఆన్, ఆఫ్ అని ఒక్క గీత మాత్రం గీయకు. జి ఆ గీత దగ్గర ఊగిసలాడితే చార టపటపా వెలిగి ఆరుతుంది. విలువల్ని లెక్కగట్టే ప్రాపర్టీ రూల్స్‌లో చిన్న ఫిల్టర్ పెట్టి ఆ విలువను మెత్తబరుచు.

తెర మీద చారను గీసే కణాల విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది సంఖ్య. సెకనుకు 200 మీటర్లు పోయే విమానం నుంచి సెకనుకు 60 కణాలు వదిలితే ఒక్కో కణానికీ మధ్య మూడు మీటర్లకు పైగా ఖాళీ వస్తుంది. చార పూసల దండలా తెగి కనిపించేది అందుకే. కణం వెడల్పు 30 సెంటీమీటర్లయితే సెకనుకు 600 పైగా కావాలి. సంఖ్యను వేగానికి ముడిపెట్టు. ఆయుష్షు అర సెకను చాలు, అప్పుడు ఒక పక్క ఒకేసారి 300 పైచిలుకు కణాలే ఉంటాయి, నీ పాత లాప్‌టాప్ కూడా తట్టుకుంటుంది. కణాల సెట్టింగుల్లో అటాచ్ దగ్గర 'వరల్డ్' అని ఉండాలి. 'లోకల్' అని ఉంటే విమానం తిరిగినప్పుడల్లా చార కూడా కర్రలా తిరుగుతుంది. గురుత్వాకర్షణ తీసెయ్, గాలి ఉంచు. పొగలాగా ఉబ్బనివ్వకు, సన్నగా మొదలై సన్నగానే మాయమవ్వాలి. పూర్తి తెలుపు వద్దు, పారదర్శకంగా ఉంచు. వెలుతురు ప్రభావం ఆన్ చెయ్, లేకపోతే రాత్రి ట్యూబ్‌లైట్‌లా మెరుస్తుంది.

తేజస్ రెక్కల వెడల్పు 8.2 మీటర్లు, కాబట్టి కొసలు మధ్య నుంచి చెరో 4.1 మీటర్ల దూరంలో ఉంటాయి. చార మొదలవ్వాల్సింది కొస వెనక అంచు దగ్గర. ఆ బిందువును 3డి మోడల్ చేసే బ్లెండర్‌లో కొలిచి, మోడల్ ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో రాయి. ఎడమకొకటి, కుడికొకటి వేరువేరు ఎమిటర్లు (కణాలను వదిలే బిందువులు) పెట్టు.

అన్నీ అయ్యాక వెదర్ విండోలో మెటార్‌ని, అంటే విమానాశ్రయ వాతావరణ నివేదికని, చేత్తో రాసి పరీక్షించు. ముందు 27/26 (ఉష్ణోగ్రత/డ్యూ పాయింట్) వేసి గట్టి మలుపు తీసుకో, చారలు రెండూ రావాలి. తర్వాత 40/10 వేసి అదే మలుపు తీసుకో. అక్కడ రెక్కలు శుభ్రంగా ఉంటే ఫైల్ నాకు పంపు.

మీ బాబాయి