పక్క పాపకి బొల్లి ఉంటే మా బాబుని బెంచీ మార్పించాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక ఊరు. మా బాబుకి 6 ఏళ్లు, ఒకటో తరగతి. వాడి పక్కన కూర్చునే పాపకి చేతుల మీద, పెదవుల చుట్టూ బొల్లి మచ్చలున్నాయి. నెల రోజులుగా మా వాడి బుగ్గ మీద కూడా ఒక తెల్లటి మచ్చ కనిపిస్తోంది. ఆ పాప నుంచే అంటుకుందని, వెంటనే బెంచీ మార్పించమని మా అత్తగారు అంటున్నారు. వాడేమో మొన్న ఆ పాప ఇచ్చిన జంతిక కింద పారేసి "నువ్వు ముట్టుకుంటే నాకూ వచ్చేస్తుంది" అన్నాడట, ఆ పిల్ల ఏడ్చేసిందని టీచర్ చెప్పారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. మచ్చకి ఏం చేయాలి, వాడికేం చెప్పాలి?

జవాబు: అంటుకోదమ్మా. పక్కన కూర్చున్నా, చెయ్యి పట్టుకున్నా, ఒకే గ్లాసుతో నీళ్లు తాగినా బొల్లి ఒకరి నుంచి ఇంకొకరికి రాదు. చర్మానికి రంగునిచ్చే కణాలు కొన్ని ఉంటాయి, మెలనోసైట్లంటాం. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి వాటి మీద పడితే, అవి పోయినచోట చర్మం తెల్లబడుతుంది, అంతే, అందులో క్రిమి ఏమీ లేదు. సుమారు 100 మందిలో ఒకరికి ఉంటుంది, అంటే మీ ఊళ్లో కూడా ఆ పాప ఒక్కర్తే అయ్యుండదు. చేపల పులుసు తిన్న పూట పాలు తాగితే బొల్లి వస్తుందని మన కోనసీమలో చాలా ఇళ్లలో అంటారు, పులస వండిన రోజున పిల్లలకి రాత్రి పాలు ఆపేసేవాళ్లని నేనెరుగుదును. అదీ నిజం కాదు. ఇంకో చిక్కు పేరుతో వచ్చింది. శ్వేతకుష్ఠు అని పిలవడం వల్ల చాలామంది దీన్ని కుష్ఠుతో కలిపేశారు. కుష్ఠు బ్యాక్టీరియా వల్ల వస్తుంది, ఆ మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. కుష్ఠుకి కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులిస్తారు, పూర్తిగా నయమవుతుంది, కాబట్టి ఆ రోగం ఉన్నవాళ్లనైనా వెలివేయడానికి కారణం లేదు.

ఇక మీ బాబు బుగ్గ. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఈ వయసు పిల్లల చెంపల మీద అంచులు కలిసిపోయినట్టుండి, కాస్త పొడిగా, సన్నటి పొట్టుతో లేత మచ్చ వస్తే అది చాలాసార్లు పిటిరియాసిస్ ఆల్బా అనేదే అవుతుంది. అదీ అంటుకోదు. కొబ్బరి నూనో, మాయిశ్చరైజరో రోజూ రాస్తూ, మిట్టమధ్యాహ్నం ఎండలో తిప్పకుండా ఉంటే కొన్ని నెలల్లో దానంతటదే కలిసిపోతుంది. బొల్లి మచ్చ అయితే సున్నం రాసినట్టు తెల్లగా, అంచు గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. ఒకసారి చర్మవ్యాధుల డాక్టర్‌కి చూపించండి, అమలాపురంలోనైనా సరే, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లోనైనా సరే. స్పర్శ చూస్తారు, వుడ్స్ ల్యాంప్ అనే దీపం వేసి చూస్తారు, నిమిషాల్లో తేలిపోతుంది. అంతవరకూ మెడికల్ షాపులో అడిగి ఏ ట్యూబూ కొనకండి, వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, పసిపిల్లల మొహానికి అది మంచిది కాదు.

బెంచీ మాత్రం మార్పించొద్దు. మార్పిస్తే ఆ క్లాసులో ఉన్న పిల్లలందరికీ "నిజంగానే అంటుకుంటుంది కాబోలు" అని మీరు చెప్పినట్టే. ఆ పాప కూడా అదే అనుకుంటుంది.

జంతిక పారేశాడని మీ వాడిని చెడ్డ పిల్లాడు అనుకోవద్దు. ఆరేళ్ల పిల్లాడు తేడా చూస్తాడు, అడుగుతాడు. దానికి అర్థం మాత్రం ఇంట్లో విన్నమాటల్లోంచే తీసుకుంటాడు. నా ఓపీలో ఒకసారి ఓ చిన్నవాడు ఎదురు బల్ల మీద కూర్చున్న పెద్దాయన చెయ్యి చూసి "తాతగారూ, మీ చెయ్యి ఇలా తెల్లగా ఉందేంటి?" అని గట్టిగా అడిగేశాడు. వాళ్లమ్మ సిగ్గుతో వాడి నోరు నొక్కేసి, తొడ మీద ఒక్కటి ఇచ్చింది. ఆ పెద్దాయనే చెయ్యి చాపి "రంగు పోయిందిరా, ముట్టుకుని చూడు" అన్నారు. వాడు వేలితో రుద్ది చూసి, తన వేలు తిప్పి చూసుకుని, "మీకు నొప్పెడుతుందా?" అనడిగాడు. లేదన్నారు. అంతే, వాడు పోయి ఫ్యాన్ స్విచ్‌తో ఆడుకోవడం మొదలెట్టాడు. దెబ్బ తిన్నందుకు మాత్రం ఆ తర్వాత ఆయన వైపు చూడ్డానికి కాసేపు జంకాడు. ష్ష్ అని నోరు మూయిస్తే పిల్లలకి అందేది ఆ జంకే, అందుకే అడగనివ్వండి, అడిగినదానికి జవాబు చెప్పండి.

మీ వాడిని ఇవాళ రాత్రి అన్నం పెట్టేటప్పుడు కూర్చోబెట్టుకుని మామూలు గొంతుతో చెప్పండి: "నాన్నా, ఆ పాప ఒంట్లో రంగు తయారుచేసే కణాలు కొన్నిచోట్ల పోయాయి, అందుకే తెల్లగా ఉంది. దానికి నొప్పి ఉండదు, నీకు రాదు. నువ్వు జంతిక పారేస్తే ఏడ్చింది చూడు, అదీ తనకి నొప్పి." వాడికి అది సరిపోతుంది. "అందరూ ఒకటేరా" అని పాఠం చెప్పకండి, వాడి కళ్లకి తేడా కనిపిస్తోంది కదా, మీరు లేదంటే మిమ్మల్నే నమ్మడు. "అయ్యో పాపం" అని కూడా అనొద్దు. మనవాళ్లకి ఆ మాట నోట్లో నానుతూ ఉంటుంది, జాలి చూపిస్తున్నామనుకుంటాం, కానీ పాపం అన్న పిల్లతో ఎవరూ సమానంగా ఆడుకోరు.

ఇంకో సంగతి, ఇది మనందరికీ. "కుంటోడి కొట్లో పెరుగు పట్రా", "నత్తోడొచ్చాడు", పెళ్లి మాటలప్పుడు "పిల్ల మంచిదే గానీ నలుపు" అని పిల్లల ముందే అనేస్తాం, తిట్టాలని కాదు, అలవాటు. పిల్లాడికి అలవాటేదో తిట్టేదో తెలీదు. ఆ కొట్టాయనకి పేరుంది, ఆ పేరుతోనే పంపండి.

రోహిణి కార్తె ఎండల్లో ఫుల్ హ్యాండ్స్ చుడీదార్ వేసుకుని, చున్నీ మెడ చుట్టూ బిగించుకుని ఓ డిగ్రీ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. చెమటకి గుడ్డ వీపుకి అంటుకుపోయి ఉంది. బొల్లికి ఇప్పుడు మంచి క్రీములున్నాయి, లైట్ థెరపీ ఉంది, చాలామందికి ముఖ్యంగా మొహం మీద రంగు తిరిగొస్తుంది అని నేను చెబుతుంటే, ఆ అమ్మాయి మచ్చల గురించి కాకుండా, బడిలో తన గ్లాసుని విడిగా పెట్టేవాళ్లని చెప్పి ఏడ్చింది. మీ వాడి పక్కన కూర్చునే పాపకి ఇంకా ఆ వయసు రాలేదు.

అందుకని రేపు బడి వదిలేటప్పుడు మీరే వెళ్లండి. నలుగురిలో వాడిచేత సారీ చెప్పించకండి, ఇద్దరూ బిగుసుకుపోతారు. డబ్బాలో నాలుగు జంతికలు పెట్టుకెళ్లి ఇద్దరికీ ఇవ్వండి, ఆ పాప చెయ్యి పట్టుకుని పేరు అడగండి. మీ వాడు చూస్తుంటాడు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ అత్తగారిని కూడా వెంటబెట్టుకెళ్లండి, మనవడి మీద ప్రేమతోనే భయపడుతున్నారు కాబట్టి చేపలు, పాల సంగతి ఆవిడనే అడగనివ్వండి.