కార్పొరేటిస్ట్ దేశాల్లో, అంటే ప్రభుత్వం యూనియన్లతో, యజమానుల సంఘాలతో కూర్చుని విధానాలు తేల్చే దేశాల్లో, ఆ యూనియన్లు, సంఘాల పవర్ తగ్గిపోయిందా?

తగ్గింది గానీ పోలేదు. స్వీడన్‌లో 1938లో ఎల్ఓ అనే కార్మిక సమాఖ్య, ఎస్ఏఎఫ్ అనే యజమానుల సంఘం సాల్ట్‌షోబాడెన్‌లో ఒప్పందం చేసుకున్నాయి, ఆ తర్వాత దశాబ్దాల్లో జీతాల సంగతి ఎక్కువగా వాళ్లే తేల్చుకునేవాళ్లు, ప్రభుత్వ సంస్థల బోర్డుల్లో కూడా వాళ్ల మనుషులు ఉండేవాళ్లు. 1990ల మొదట్లో ఎస్ఏఎఫ్ ఆ బోర్డుల నుంచి బయటికొచ్చేసింది (అవును, లేచి వెళ్లింది యజమానులే). అప్పట్నుంచి కమిటీలో కూర్చుని బేరమాడటం తగ్గి ఎంపీల చుట్టూ, మీడియా చుట్టూ తిరిగే లాబీయింగ్ పెరిగింది, ఇందులో డబ్బున్నవాళ్లకే అడ్వాంటేజ్ అని నా ఫీలింగ్. ఆస్ట్రియా కథ వేరు, అక్కడ ఛాంబర్లలో (కార్మికులకు, వ్యాపారులకు విడివిడిగా ఉండే ప్రాతినిధ్య సంస్థల్లో) మెంబర్‌షిప్ చట్టప్రకారం తప్పనిసరి, అందుకే 2000లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం వాటిని పక్కన పెట్టాలని చూసినా 2008లో వాటికి ఏకంగా రాజ్యాంగంలోనే చోటు దొరికింది.