పెళ్లి సంగతి తర్వాత, ముందు ఆ నంబరు అన్‌బ్లాక్ చేయండి

ప్రశ్న: మా చెల్లికి 24 ఏళ్లు, అమ్మ దగ్గరే ఉంటుంది. చిన్న మాటకే ఊగిపోతుంది, గంట తిరక్కుండా ఏడ్చి సారీ చెబుతుంది. ఈ ఏడాది రెండు ఉద్యోగాలు అప్పటికప్పుడు మానేసింది. ఒకరోజు మీటింగ్‌లో ఉండి ఫోన్ కట్ చేశానని అరగంటలో 27 మెసేజ్‌లు పెట్టింది. బుద్ధి రావాలని బ్లాక్ చేశాను. ఐదో రోజు చెయ్యి కోసుకుంది. పరుగెత్తుకెళ్లాను. డాక్టరు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నారు. మళ్లీ మెసేజ్‌లు మొదలయ్యేసరికి మళ్లీ బ్లాక్ చేశాను. అమ్మ అవన్నీ నాటకాలంటుంది. పెళ్లి చేస్తే కుదురుకుంటుందని బంధువులంటున్నారు. చేయమంటారా? తన ఫోన్లో నా పేరు ‘అమ్మ 2’ అని ఉండేది, ఇప్పుడు ఉత్త నంబరే ఉంది.
- ఒక అక్క

జవాబు: వద్దు. జబ్బు నయం చేసే బాధ్యత మెడలో వేసి ఏ అబ్బాయినీ ఇంట్లోకి తేకూడదు. రేపు తను కుదుటపడి, తనకే కావాలనిపిస్తే, ఏదీ దాచకుండా చెప్పి చేయండి. పెళ్లి గురించి ఇంతే.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఆ ఐదో రోజు దగ్గర. నాలుగు రోజులు పిలిచినా పలకని అక్క, చెయ్యి కోసుకోగానే వచ్చింది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. కానీ ఆ పిల్ల మనసుకు అందింది మాత్రం అదే. అలాగని మీరు రావాలనే కోసుకుందని అనుకోకండి. చాలామంది ఆ క్షణంలో లోపలి బాధ భరించలేక, కాస్త ఊపిరి తీసుకోవడానికి అలా చేస్తారు. నాటకమన్న మాట మీ ఇంట్లో ఇక వినిపించకూడదు. అమ్మకు ఆ సంగతి చెప్పాల్సింది మీరే.

ఈ జబ్బున్నవాళ్లకు మనసు తోలు ఒలిచినట్టుంటుంది. ‘తర్వాత చేస్తా’ అని మీరంటే ‘నన్ను వదిలేసింది’ అని వినబడుతుంది. అందుకే పొద్దున దేవతలా కనిపించిన మనిషే సాయంత్రానికి శత్రువవుతుంది. ‘అమ్మ 2’ నంబరుగా మారడం అదే. బైపోలార్ అనే మరో మానసిక జబ్బులో మూడ్ రోజులు, వారాల పాటు ఒకే తీరుగా ఉంటుంది. ఇక్కడ గంటల్లోనే తిరగబడుతుంది, అదీ ఎక్కువగా దగ్గరివాళ్ల మాటతోనో మౌనంతోనో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత వర్గీకరణలో దీన్నే భావోద్వేగ అస్థిరత అన్నారు. అందులో రెండు రకాలు చెప్పారు: ముందూవెనకా చూడకుండా ఆవేశంతో చేసేసేది ఒకటి, తనెవరో తనకే తెలియనితనం, వదిలేస్తారన్న భయం, తనకు తనే హాని చేసుకోవడం కూడా కలిసిన బోర్డర్‌లైన్ రకం మరొకటి.

పుట్టుకతో వచ్చిన సున్నితత్వం కొంత, ఆ బాధను ఇంట్లోవాళ్లు కొట్టిపారేయడం కొంత కలిసి ఇలా అవుతుందన్నారు అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్. తన పదిహేడో ఏట మానసిక ఆసుపత్రిలో గడిపానని 2011లో ఆమే బయటపెట్టారు. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ రూపొందించింది ఆవిడే. ఉధృతి వచ్చినప్పుడు ఏం చేయాలో, దాన్ని ఎలా దాటాలో అందులో నేర్పిస్తారు, సాధారణంగా ఏడాది పడుతుంది. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా మాత్ర లేదు. డిప్రెషన్‌లాంటివి తోడైతే వాటికి మందులిస్తారు. కాబట్టి సైకియాట్రిస్ట్‌తో పాటు ఆ థెరపీ తెలిసిన క్లినికల్ సైకాలజిస్ట్ కూడా కావాలి, అడగండి.

బాగవుతుందా అని మీరు అడగలేదు గానీ, నాకు చెప్పాలని ఉంది. ఆసుపత్రిలో చేరేంత తీవ్రంగా ఉన్నవాళ్లను పరిశోధకురాలు మేరీ జనారిని బృందం అమెరికాలో ఏళ్ల తరబడి గమనించింది. 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పదేళ్లలో 93 శాతం మంది జబ్బు అనదగ్గ స్థాయి నుంచి బయటపడి కనీసం రెండేళ్లు అలాగే ఉన్నారు. ఉద్యోగం, స్నేహాలతో సహా పూర్తిగా నిలదొక్కుకున్నవాళ్లు సగం మందే. ఆ మిగతా సగానికి ఇంట్లోవాళ్ల ఓపిక అక్కరకొస్తుందని నా నమ్మకం.

అలాగని తిట్లు పడమని చెప్పను. అక్కకూ ఆత్మగౌరవం ఉంటుంది. తను అరుస్తుంటే, ‘నీకెంత కష్టంగా ఉందో తెలుస్తోంది. ఇలా తిడుతుంటే మాట్లాడలేను. ఇప్పుడు పెట్టేస్తున్నా, రాత్రి ఎనిమిదికి నేనే చేస్తా’ అనండి. ఎనిమిదికి కచ్చితంగా చేయండి, ఎనిమిదీ పది కూడా కాకూడదు. తను ప్రశాంతంగా ఉన్న రోజూ ఆ ఫోన్ ఆగకూడదు, అసలు విలువ ఆ రోజు చేసే ఫోన్‌కే.

బ్లేడ్లు, మాత్రలు తన చేతికందకుండా తీయించండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునని, ఎలాగో కూడా చెబితే ఒంటరిగా వదలకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టండి. పెళ్లి మాట ఎత్తకండి, ఆ 27 మెసేజ్‌ల లెక్కా తీయకండి. తను మొదట ఫోన్ ఎత్తకపోవచ్చు. ‘రేపు కూడా ఇదే టైముకి చేస్తా’ అని మెసేజ్ పెట్టి, రేపు చేయండి.