బావగారి డీజిల్ కారు ఆయిల్ లీకు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బావగారి కారు కింద మళ్లీ ఆయిల్ మరక కనబడుతోందనీ, ఏడాదిలో మూడుసార్లు షెడ్డుకు తీసుకెళ్లినా ఆగలేదనీ, ఈసారి ఇంజిన్ దింపాలంటున్నారనీ నువ్వు రాసినది చదివాను. తొందరపడి ఒప్పుకోకు. అది ఏపీ 31 నంబరు పాత బండి. ఇన్నేళ్లు వేడికి కాలిన రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటాయి కాబట్టి ఎక్కడో ఒకచోట కారడంలో ఆశ్చర్యం లేదు. అయితే కారుతున్నది ఎక్కడో కంటితో చూడకుండా సామాను మార్చడం వల్లనే ఇలాంటి బళ్లు షెడ్డు చుట్టూ తిరుగుతుంటాయి. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఇన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, ఒక ఆదివారం మొత్తం దీనికి కేటాయించు.

ఆయిల్ పైన ఎక్కడో బయటపడి, ఇంజిన్ ఒంటిని పట్టుకుని దిగి, బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోయి, చివరకు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ అంచున చుక్క కడుతుంది. అందువల్ల చుక్క పడే చోటును కాక, తడి మొదలైన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదాన్ని వెతకాలి. పైగా సీతమ్మధారలో మీ ఇల్లు వాలు మీద ఉంది. అక్కడ నిలిపిన బండి కింద మరక ఎటు జరిగిందన్నది లెక్కలోకి తీసుకోకు.

ఇంజిన్ బాగా చల్లారిన తరువాత ఆల్టర్నేటర్‌కూ వైరింగ్ కనెక్టర్లకూ ప్లాస్టిక్ సంచులు చుట్టి, కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో పాత మడ్డినంతా వదిలించు. మన ఊళ్లో పోర్టు నుంచి వచ్చే బొగ్గు ధూళి ఆయిల్‌తో కలిసి తారులా పేరుకుంటుంది, దాని కింద కొత్త తడి కనబడదు. ఇంజిన్ కింద ప్లాస్టిక్ ట్రే ఉంటే విప్పెయ్యి, ఎక్కడెక్కడి ఆయిలూ అందులో చేరి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. కిరోసిన్ పూర్తిగా ఆరాక, బెల్టులకు తగలకుండా, అనుమానం ఉన్న అతుకుల మీద మొహానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి, బండి కదపకుండా ఇంజిన్‌ను పావుగంట నిలకడగా నడిపి, ఆపి, టార్చి వేసి చూడు. తెల్లని పొడిలో మొదటి తడి సన్నని గోధుమరంగు గీతలా దిగుతుంది. ఏమీ కనబడకపోతే బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాకా వెళ్లి వచ్చి మళ్లీ చూడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు మాత్రం దూరకు.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక ట్యాక్సీ విషయంలో నేనే పొరబడ్డాను. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య అతుకు నుంచి చుక్కలు పడుతుంటే ఇంజిన్‌లో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్, వెనక సీలు పోయిందని నిశ్చయించి, గేర్‌బాక్సు దింపి ఆ సీలు మార్చాను. పది రోజులకు మళ్లీ కారింది. సీలు సరిగా కూర్చోలేదేమోనని రెండోసారీ దింపాను. మూడోసారి బండి వచ్చినప్పుడు అంతా తుడిచి, చిన్న అద్దం పెట్టి ఇంజిన్ పై భాగం, అంటే హెడ్డు, వెనకవైపు చూస్తే, బ్రేకులకు వాక్యూమ్ ఇచ్చే పంపు దగ్గర ఓ-రింగు అనే రబ్బరు చుట్టు ఎండిపోయి, అక్కడి నుంచి వెంట్రుకంత ధార ఇంజిన్ వెనక భాగం వెంబడి దిగి సరిగ్గా ఆ అతుకులోకి జారుతోంది. ఆ రోజు నుంచి హెడ్డును పైన మూసే ట్యాపెట్ కవరు, వాక్యూమ్ పంపు పొడిగా ఉన్నాయని చూడనిదే వెనక సీలు పేరెత్తలేదు.

ఏ సీలు మార్చినా కొన్నాళ్లకు మరోచోట కారుతోందంటే తప్పు సీళ్లది కాకపోవచ్చు. పిస్టన్ రింగులను దాటి ఛాంబర్‌లోకి దిగే పొగ బ్రీదర్ పైపు ద్వారా బయటపడాలి. ఆ దారి మడ్డితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్రతి అతుకు నుంచీ ఆయిల్‌ను బయటకు నెడుతుంది. ఇంజిన్ వేడెక్కాక, నిలకడగా నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను విప్పి, తిరగేసి అక్కడే పెట్టి చూడు. పాత డీజిల్ ఇంజిన్‌లో కాస్త పొగ ఆడటం సహజమే. మూత ఎగిరిపడుతూ దట్టంగా పొగ తన్నుకొస్తుంటే, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తనంత తాను పైకి లేస్తుంటే, ముందు బ్రీదర్ పైపునూ, పొగలోంచి ఆయిల్‌ను విడదీసే దాని సెపరేటర్‌నూ విప్పి శుభ్రం చేయించు. దారి తెరుచుకున్నాక కూడా పొగ తగ్గకపోతే అప్పుడు సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందా అని కంప్రెషన్ చూడమను. రింగులు అరిగాయని తేలితేనే సిలిండర్లను సరిచేసే బోరు పని గురించి ఆలోచించాలి. ఊళ్లో తిరిగితే చుక్క పడదు గానీ అరకు ఘాటు ఎక్కి వస్తే కారుతోందని రాశావు కదా, ఎత్తు ఎక్కేటప్పుడు ఈ ఒత్తిడి బాగా పెరుగుతుంది కాబట్టి నా అనుమానం మొదట ఇటే పోతోంది.

కారేది ఇంజిన్ ఆయిలేనా అన్నదీ చూడు. డీజిల్ ఇంజిన్ ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, గేర్ ఆయిల్‌కు గంధకపు ఘాటు ఉంటుంది. మిగులు డీజిల్‌ను ట్యాంకుకు వెనక్కి పంపే రిటర్న్ పైపు నుంచి డీజిల్ కారితే అది పాత మడ్డిని కరిగించుకుని నల్లని ఆయిల్‌లాగే దిగుతుంది గానీ, వేళ్ల మధ్య పలుచగా ఉండి వాసనతోనే పట్టుబడుతుంది.

ఇవికాక చిన్నవి కొన్ని ఉన్నాయి. డ్రెయిన్ బోల్టు కింది వాషరు మార్చారా, పాత ఫిల్టరు రబ్బరు ఇంజిన్‌కే అంటుకుని ఉండగా కొత్తది బిగించారా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ కనెక్టరు ఊడదీస్తే లోపల తడి ఉందా, ఇవన్నీ నిమిషాల్లో తేలిపోతాయి. సముద్రపు గాలికి రేకు ఛాంబర్ అడుగు తుప్పుపట్టి సూదిమొనంత చిల్లు పడటం మన ఊళ్లో కొత్త కాదు, అక్కడ వేలితో తడిమి చూడు.

అతుకుల మధ్య ప్యాకింగ్ వేసేటప్పుడు దగ్గరే నిలబడు. సిలికాన్ ఎక్కువ పూస్తే లోపలికి పొంగి, తెగి, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడుతుంది. కారడం ఆగిందనుకునేలోగా బేరింగులు పోతాయి. లీకు ఆపుతుందని అమ్మే సీసా మందు ఏదీ పోయించకు. ఈలోగా వారానికోసారి చదునైన చోట డిప్‌స్టిక్ చూసి, పై గీత దాటకుండా ఆయిల్ పొయ్యి. ఎర్రని ఆయిల్ దీపం వెలిగితే ఎక్కడున్నా వెంటనే ఇంజిన్ ఆపెయ్యి. సైలెన్సర్ పైపు మీదో టర్బో మీదో ఆయిల్ పడుతుంటే నిప్పంటుకునే ప్రమాదం ఉంది, అప్పుడు బండిని నడిపి కాక కట్టి లాగించుకుని షెడ్డుకు తీసుకెళ్లు.

పొడి మొదట ఎక్కడ తడిసిందో, మూత తీసినప్పుడు పొగ ఎలా వచ్చిందో ఫోటోలు తీసి ఆదివారం సాయంత్రం నాకు పంపు. అవి చూశాక షెడ్డులో ఏం చేయించాలో మాట్లాడుకుందాం. అమ్మకు నా ఆశీస్సులు, బావగారికి నమస్కారాలు.

ఇట్లు,
మీ మామయ్య