లైనక్స్‌లో మదర్‌బోర్డు సౌండ్ ఎందుకు రాదు?

చాలాసార్లు డ్రైవర్ లోపం వల్ల కాదు, శబ్దం వేరే అవుట్‌పుట్‌కి వెళ్తుండటం వల్ల, లేదా ఛానెల్ మ్యూట్‌లో ఉండటం వల్ల సౌండ్ రాదు. హెచ్‌డీఎంఐనీ, మదర్‌బోర్డు ఆడియోనూ లైనక్స్ వేర్వేరు పరికరాలుగా చూస్తుంది. ఉదాహరణకు, స్పీకర్లు లేని మానిటర్‌ని హెచ్‌డీఎంఐతో కలిపితే పాట అటు పోవచ్చు. వెనక పచ్చ జాక్‌కి పెట్టిన స్పీకర్లు మూగగానే ఉంటాయి. ముందు సెట్టింగ్స్‌లో సౌండ్ అవుట్‌పుట్ మార్చండి. అయినా రాకపోతే టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ఆల్సామిక్సర్ (alsamixer) అనే సౌండ్ నియంత్రణ ప్రోగ్రామ్ తెరిచి, ఎఫ్6తో సౌండ్ కార్డు ఎంచుకోండి. మాస్టర్ (ప్రధాన వాల్యూమ్) పట్టీ అడుగున ‘ఎంఎం’ అని ఉంటే అది మ్యూట్. ఎం కీ నొక్కితే తొలగిపోతుంది.

విండోస్‌లోలా డ్రైవర్ డౌన్‌లోడ్ చేయాలనుకోవడం పొరపాటు. మామూలు హెచ్‌డీ ఆడియో డ్రైవర్ లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌తోనే వస్తుంది. కార్డే కనిపించకపోతే మాత్రం బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఆన్‌బోర్డ్ ఆడియో ఆఫ్‌లో ఉందేమో చూడండి.